చిత్తుకాగితాల మీద చిన్నచూపు

మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలలోనూ, చరిత్ర శాఖలలోనూ ఒక మడి ఆచారం బలపడి కూర్చున్నది. పరిశోధకుడు సమర్పించే ఉపయుక్త గ్రంథసూచిలో పేరున్న ప్రచురణకర్తలు వేసిన పుస్తకాలు, గుర్తింపు పొందిన పత్రికలలో అచ్చయిన వ్యాసాలు మాత్రమే ఉండాలట. మిగిలినవన్నీ మైల. కరపత్రం మైల, మహాసభ నివేదిక మైల, సర్కారు విచారణ సంఘం రిపోర్టు మైల, ఊరి గ్రంథాలయం వేసిన రజతోత్సవ సంచిక మరీ మైల.

నా దగ్గర పదవ తరగతి చదువుకున్న కుర్రవాడొకడు జనగామ తాలూకాలో వెట్టిచాకిరిని గురించి పరిశోధన చేస్తూ, మూడేళ్లు ఊళ్లు తిరిగి పోగుచేసిన కాగితాల పట్టికను తన పర్యవేక్షకుని ముందు పెట్టాడు. ఆయన (పేరెందుకులెండి) ఎర్రసిరాతో అడ్డంగా గీత గీసి, "ఈ చిత్తుకాగితాలు తీసేసి పుస్తకాలు పెట్టు" అని సెలవిచ్చారట. కుర్రవాడు తీసేశాడు. పట్టా వచ్చింది. ఇప్పుడు ఆ సిద్ధాంత గ్రంథంలో జనగామ లేదు; జనగామను గురించి హైదరాబాదులోనూ, ఢిల్లీలోనూ, విలాయతులోనూ కూర్చుని రాసినవారి మాటలున్నాయి. ఆ పెద్దమనిషితో నాకు తగాదా లేదు. ఆయన కలంలోని ఆ ఎర్రసిరా ఈనాడు చాలా కలాలలో నిండి ఉన్నది కనుక ఈ టపా రాయవలసి వచ్చింది.

ఇంగ్లీషువారు ఈ జాతి కాగితాలకు గ్రే లిటరేచర్ అని పేరు పెట్టారు. 1997లో లక్సెంబర్గులో జరిగిన అంతర్జాతీయ సమావేశం దానికొక నిర్వచనం కుదిర్చింది: ప్రభుత్వాలు, విద్యాసంస్థలు, వ్యాపార పారిశ్రామిక సంస్థలు వెలువరించేది, అచ్చులో ఉన్నా కంప్యూటరులో ఉన్నా సరే, పుస్తక వ్యాపారుల అదుపులో లేనిది. దీన్ని కొందరు 'ధూసర సాహిత్యం' అని తెలుగు చేస్తున్నారు. నాకు రుచించలేదు. ధూసరమనగానే దుమ్ము కొట్టుకున్నదన్న భావమే ముందు తోస్తుంది. (మన గ్రంథాలయాలలో వాటి స్థితికి ఆ పేరే సార్థకమని ఒక మిత్రుడు చమత్కరించాడు, అది వేరే సంగతి.) నేను 'అంగడికెక్కని సాహిత్యం' అంటాను. అమ్ముడుపోవడానికి పుట్టినది కాదు గనుక అది అంగట్లో దొరకదు. ఒక పని జరిపించడానికి పుట్టింది. పని కాగానే మూలకు చేరింది.

ఇప్పుడు మడి కట్టుకున్న పెద్దలను ఒకటి అడుగుతాను. మాడపాటి హనుమంతరావు గారి 'తెలంగాణా ఆంధ్రోద్యమము' మీకు పవిత్రమే కదా? ప్రతి సిద్ధాంత గ్రంథంలోనూ అది మొదటి పుటలోనే కనబడుతుంది. ఆ పుస్తకం దేనితో తయారైంది? 1921లో పుట్టిన ఆంధ్ర జన సంఘం, ఆపైన 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభలు, వాటి తీర్మానాలు, వార్షిక నివేదికలు, ఆహ్వాన సంఘాధ్యక్షుల ఉపన్యాసాలు. వెట్టిచాకిరి మీద, వర్తకుల స్వాతంత్ర్యం మీద సంఘంవారు అచ్చువేసి పంచిన చిన్న చిన్న పుస్తకాలు. అన్నీ మీరు చిత్తుకాగితాలంటున్న ఈ జాతివే. పుచ్చలపల్లి సుందరయ్య గారు 1972లో వెలువరించిన తెలంగాణా పోరాట గ్రంథం సంగతీ అంతే. పార్టీ పత్రాలు లేకపోతే ఆ గ్రంథం లేదు. 'ఆంధ్ర థీసిస్' అని చరిత్రకారులు నేడు పదేపదే ఉదాహరించేది 1948లో పార్టీ లోపల తిరిగిన పత్రం. ఏ ప్రచురణాలయమూ దాన్ని అట్టవేసి అమ్మలేదు. కాగితం మైలైతే, ఆ కాగితాలను కుట్టి బైండు చేసిన మాత్రాన మైల ఎట్లా పోయింది? నీళ్లు చల్లారా?

సాహిత్యంవారు నవ్వుకోనక్కరలేదు. తెలంగాణంలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 'గోలకొండ కవుల సంచిక'లో 354 మంది కవులను నిలబెట్టారు. ఆయన పుస్తకాల అంగళ్లలో వెతికి ఉంటే ఆ సంఖ్య ఎంతకు తేలేదో చెప్పనక్కరలేదు. పత్రికలో ప్రకటించి, ఊరూరి నుంచి పద్యాలను, కవుల వివరాలను తెప్పించుకున్నారు. 'లేరు' అన్నవాడు వెతకలేదన్నమాట. నేటి పర్యవేక్షకుడు వెతికిన విద్యార్థినే వెతకవద్దంటున్నాడు. తొంభై ఏళ్లలో మనం సాధించిన ప్రగతి ఇది.

వెతకడమన్నది తేలిక పని కాదు. ముఖ్యంగా మా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల విషయంలో వెతికే విధానం తెలియనివానికి ఏమీ దొరకదు. దొరకలేదు గనుక లేదంటాడు. ఈ మూడూ 2016 అక్టోబరు 11న పుట్టిన జిల్లాలు. అంతకు ముందరి కాగితాలలో ఈ పేర్లతో జిల్లాలు ఉండవు. ఇది అందరికీ తెలిసిన సంగతే. తెలియనిది దాని వెనకాల ఉన్నది. జనగామను చాలామంది పాత వరంగల్లు జిల్లా కాగితాలలో వెతుకుతారు. కాని సాయుధ పోరాట కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనిది. 1953లో ఖమ్మం జిల్లాను వరంగల్లు నుంచి విడదీసిన రోజులలో జనగామ వరంగల్లులో కలిసింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి సర్కారు కాగితం కావాలంటే నల్లగొండ కట్టలు విప్పాలి. వరంగల్లు కట్టలలో వెతికి 'ఆధారాలు అలభ్యం' అని రాసిన వ్యాసాలను నేను చదివాను.

భూపాలపల్లి సంగతి ఇంకా చిక్కు. నేటి జిల్లాలో ఒక ముక్క పాత వరంగల్లుది. మహదేవపూర్, కాళేశ్వరం వైపు ముక్క 2016 దాకా కరీంనగర్ జిల్లాది. మళ్లీ 2019 ఫిబ్రవరిలో ములుగును విడదీసి వేరే జిల్లా చేశారు. కనుక 2016కూ 2019కీ మధ్య అచ్చయిన నివేదికలలో మేడారం, రామప్ప కూడా 'జయశంకర్ భూపాలపల్లి జిల్లా'లోనే కనబడతాయి. ఆ రెండున్నరేళ్ల గణాంకాలను తెచ్చి నేటి జిల్లా గణాంకాల పక్కన పెట్టి, 'అడవి తగ్గింది, కోయల సంఖ్య తగ్గింది' అని నిర్ధారణలు చేసేవారున్నారు. తగ్గింది అడవి కాదు, జిల్లా ఎల్ల.

మహబూబాబాదుకు మానుకోట అనే పేరున్నదని బయటివారిలో ఎందరికి తెలుసు? బయ్యారం, గార్ల ఖమ్మం జిల్లా నుంచి వచ్చి ఇందులో చేరాయి. ఇక ఇంగ్లీషు అక్షరాలలో వర్ణక్రమం: జనగామను చివర 'ఎన్'తో రాసినవారున్నారు, 'ఎమ్'తో రాసినవారున్నారు; మహబూబాబాదులో 'హెచ్' తరువాత 'ఎ' పెట్టినవారున్నారు, పెట్టనివారున్నారు. ఒక రూపంతో వెతికి ఊరుకుంటే సగం కాగితాలు కంటపడవు. మన పాత బ్లాగ్మిత్రులకు ఇది కొత్త కాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో ఒక్క తెలుగు పుస్తకం పట్టుకోవడానికి శీర్షికను ఎన్ని వంకరలు తిప్పి వెతికేవారమో గుర్తుండే ఉంటుంది. ఆ సైటు మూతపడింది. పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవులో తలదాచుకున్నాయి, ఆ వంకర పేర్లతోనే. ఆ అక్షరదోషాల అలవాటు ఉన్నవాడే నేటికీ అందులో మంచి వేటగాడు.

నిజాం కాలపు కాగితానికి తేదీ మరొక అడ్డుగోడ. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. అయితే ఫసలీ ఏడాది మన జనవరితో మొదలు కాదు గనుక రెండు సంవత్సరాలూ రాసుకోవాలి. 1355 ఫసలీ అంటే 1945-46. ఆజూరు, దై, బహమన్ అని నెలల పేర్లు కనబడితే బెదిరిపోయి పక్కన పెట్టేవారే ఎక్కువ. పైగా ఒకే సంఘటనకు రెవెన్యూ కాగితం ఉర్దూలో, రెసిడెన్సీ ఉత్తరం ఇంగ్లీషులో, సంగం కరపత్రం తెలుగులో ఉంటాయి. మూడింటినీ ఒకచోట పెట్టి చదివే పరిశోధకుడు రావాలంటే ముందు ఉర్దూ నేర్పాలి. తెలుగు ఎం.ఏ.లో ఉర్దూ లిపి చదవడమైనా నేర్పమని అడిగితే నన్ను వింతగా చూశారు.

ఎక్కడ వెతకాలి? తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ అందరికీ తెలుసు. హనుమకొండలో 1904 నాటి రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, హైదరాబాదులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం కాలినడకన తిరగవలసిన చోట్లు. గిరిజనుల గురించి అయితే హైదరాబాదులో 1963 నుంచి పనిచేస్తున్న గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ. జాతరలు, తిరునాళ్ల మీద 1961 జనగణనవారు జిల్లాలవారీగా వేసిన సంపుటాలు ఒక నిధి. జనాభా లెక్కలలో అంకెలు తప్ప మరేమీ ఉండవనుకునేవారు వాటిని తిప్పనే తిప్పరు. శోధగంగలో పెట్టిన సిద్ధాంత గ్రంథాల అధోజ్ఞాపికలు పట్టుకుని వెనక్కు నడిస్తే, ఒక్కొక్కసారి ఎవరి ఇంటి ఇనుప పెట్టె దగ్గరికో చేరతాము. అసలు సరుకు అక్కడే ఉంటుంది. ఉపాధ్యాయ సంఘం మహాసభల కార్యదర్శి నివేదికలు, నేతపనివారి సహకార సంఘం జమాఖర్చులు, రైల్వే కార్మికుల కరపత్రాలు, బడి వజ్రోత్సవ సంచికలు అన్నీ ఆ పెట్టెలలోనే. పెద్దాయన పోయిన సంవత్సరీకం లోపల తూకానికి వెళ్లిపోతాయి. ఒక గ్రంథాలయం 'అనవసరమైనవి ఏరివేత' అని పేరుపెట్టి గోనెసంచులలో ఎత్తిన కాగితాలలో నుంచి నేను కిలో లెక్కన డబ్బిచ్చి కొన్ని వెనక్కు తెచ్చుకున్నాను. తూకం వేసినవాడు నన్ను జాలిగా చూశాడు.

ఇంతవరకు చదివి, 'అయితే కాగితమై ఉంటే చాలు, అన్నీ ప్రమాణాలేనా?' అని ఎవరైనా అడిగితే, ఆ రెండో జబ్బు గురించీ చెప్పవలసిందే. మడివారికి ఎదురుగా ఒక భక్త బృందం ఉన్నది. పాత కాగితం, దాని మీద ఒక ముద్ర, కింద సంతకం కనబడితే చాలు, సాష్టాంగపడతారు. వీరి వల్లనే మడివారికి మాట్లాడే నోరొచ్చింది.

మా ఊరి పేరే తీసుకోండి. జనగామ 'జైనగావ్' అనే మాట నుంచి వచ్చిందని ప్రతి సావనీరులోనూ ఉంటుంది. కొలనుపాక జైనక్షేత్రం దగ్గరలోనే ఉన్నది గనుక మాట నమ్మబుద్ధి అవుతుంది. కాని నేను చూసిన సంచికలన్నిటిలోనూ ఆ వాక్యం ఇంచుమించు ఒకే మాటలలో, ఒకే విశేషణాలతో, ఒకచోట ఒకే అచ్చుతప్పుతో సహా ఉన్నది. శాసనం పేరు లేదు, కైఫీయతు పేరు లేదు. తాళపత్ర ప్రతులను పరిష్కరించినవారికి ఇటువంటి సందర్భంలో ఏమి చేయాలో తెలుసు. పది ప్రతులలో ఒకేచోట ఒకే స్ఖాలిత్యం ఉంటే అవి పది సాక్ష్యాలు కావు. ఒక తల్లిప్రతికి తొమ్మిది నకళ్లు. అంధపరంపరా న్యాయమని మనవారు పేరు కూడా పెట్టారు. ఆ వ్యుత్పత్తి నిజం కావచ్చు, కాకపోవచ్చు. పది సంచికల పేర్లు వరుసగా రాసినంత మాత్రాన పది ఆధారాలు మాత్రం కావు.

విచిత్రమేమిటంటే ఈ పరీక్ష మనకు వెన్నతో పెట్టిన విద్య. బమ్మెర పోతన ఊరి విషయంలో ఏకశిలానగరమన్న ఒక్క మాటను పట్టుకుని, అది ఓరుగల్లా ఒంటిమిట్టా అని దశాబ్దాల తరబడి వాదించుకున్న జాతి మనది. పాఠభేదాలు, ప్రక్షిప్తాలు, కాలనిర్ణయం, స్వవచన వ్యాఘాతం, ఎన్ని ఆయుధాలు వాడాము! అదే పండితుడు ఒక కరపత్రం చేతికివ్వగానే 'ఇది ప్రామాణికం కాదండీ' అని కళ్లజోడు తీసేస్తాడు. ఆ తర్కమంతా పద్యానికే పరిమితమా?

ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో జెస్ టిండాల్ అనే గ్రంథపాలకురాలు 2010లో ఈ కాగితాల పరీక్షకు ఆరు ప్రశ్నల పట్టిక తయారుచేశారు. రాసినవారికి ఆ విషయంలో ఏపాటి అధికారం ఉంది, చెప్పినది ఎంత కచ్చితం, ఎంతవరకు పరిశీలించారు, పక్షపాతం ఎంత, తేదీ ఉన్నదా, మనకు దాని ప్రయోజనమేమి. మంచి పట్టికే. కాని తర్కసంగ్రహం చదువుకున్నవారికి ఆప్తవాక్యమన్న ఒక్క మాటలోనే దీని సారమంతా ఉన్నది. ఉన్నది ఉన్నట్లు చెప్పేవాడు ఆప్తుడు. అట్లా చెప్పాలంటే ముందు ఆ సంగతి తెలిసి ఉండాలి, తెలిసినది మార్చి చెప్పవలసిన అవసరమూ ఉండకూడదు. ఈ రెండింటికీ నేను మూడవది చేర్చుతాను: ఈ కాగితాన్ని రాయమని అడిగినది ఎవరు? అంగడికెక్కని సాహిత్యంలో ఈ ప్రశ్న ప్రాణం. పుస్తకాన్ని రచయిత తనంత తానుగా రాయవచ్చు. నివేదికను ఎవరో ఒకరు అడుగుతారు, దానికొక ప్రశ్న ఇస్తారు, తరచు దానికి కూలి కూడా ఇస్తారు.

1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండ అప్పటి జనగామ తాలూకాలోనిది. ఆ ఊరు ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నది. మృతుల సంఖ్య ఒక పుస్తకంలో ఉన్నట్లు మరొక పుస్తకంలో ఉండదు. ఎనభైల నుంచి నూట పద్దెనిమిది దాకా చూశాను. మడివారు అందులో అట్ట బాగున్న పుస్తకాన్ని ఎంచుకుంటారు. భక్తులు అన్నిటికంటె పెద్ద సంఖ్యను ఎంచుకుంటారు. ఆ సంఖ్యలో ఆనాడు కాల్చబడినవారే ఉన్నారా, ముందరి దాడులలో పోయినవారినీ కలిపారా, పక్క ఊళ్ల నుంచి వచ్చి బురుజులో తలదాచుకున్నవారిని లెక్కించారా అని అడగడం ఇద్దరికీ పట్టదు. స్తూపం మీది పేర్లను, సంగం కాగితాన్ని, పోలీసు కాగితాన్ని పక్కపక్కన పరిచి పేరుకు పేరు సరిచూసే ఓపిక ఉన్న ఒక్క విద్యార్థి చాలు. అయితే అతని గ్రంథసూచి మీద ఎర్రసిరా పడకూడదు.

ఎదుటి పక్షం కాగితాన్ని పారేయడమూ ఇటువంటి సోమరితనమే. భారత ప్రభుత్వ హోంశాఖ 1949లో 'కమ్యూనిస్ట్ వయొలెన్స్ ఇన్ ఇండియా' అనే పుస్తకం వేసింది. అది ప్రచారం కోసమే వేసినదని చదివిన వెంటనే తెలుస్తుంది. అంతమాత్రాన నిరుపయోగమా? సర్కారు దేనికి భయపడిందో, ఏ ప్రాంతాలను పేరుపెట్టి చెప్పిందో, ఏవి చెప్పకుండా దాటవేసిందో అందులోనే ఉన్నది. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ 1948 చివరలో హైదరాబాద్ సంస్థానం తిరిగి ఇచ్చిన నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. ఇప్పుడు నెట్టులో దాని పాఠాలు తిరుగుతున్నాయి. ఏది మూలప్రతి, ఏది ఎవరో టైపు చేసినది, మధ్యలో ఏ పేరా జారిపోయింది అని చూడకుండా వాడేవారిని చూస్తే తాళపత్రాల రోజులే నయమనిపిస్తుంది.

కూలి పుచ్చుకుని రాసిన నివేదికలోనూ రత్నాలుంటాయి. హైమెండార్ఫ్ రాసిన 'ట్రైబల్ హైదరాబాద్: ఫోర్ రిపోర్ట్స్' 1945లో నిజాం ప్రభుత్వ రెవెన్యూ శాఖే వేసింది. ఆయన ఆ ప్రభుత్వ కొలువులోనివాడే. గిరిజనుల భూములు ఎట్లా చేతులు మారుతున్నాయో, కిందిస్థాయి ఉద్యోగులు వారినెట్లా పీడిస్తున్నారో ఆ ప్రభుత్వ ఖర్చుతోనే అచ్చువేయించాడు. యజమానిని పొగిడిన మాటను సగం ధరకు కొనాలి. యజమానికి ఇబ్బంది కలిగించే మాటను అతని కాగితంలోనే ఒప్పుకున్నప్పుడు నిండు ధర ఇవ్వాలి.

ఇదంతా పాత చరిత్ర గొడవ అనుకునేవారిని మేడిగడ్డకు తీసుకుపోతాను. భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ మండలంలో గోదావరి మీది ఆ బరాజు 2019 జూన్ 21న ప్రారంభమైంది. 2023 అక్టోబరు 21 సాయంత్రం ఏడవ బ్లాకులో పిల్లర్లు కుంగాయి. ఈ ప్రాజెక్టు మీద ఏ పుస్తకం చదివి నిజం తెలుసుకుంటారు? ఉన్నవన్నీ అంగడికెక్కని కాగితాలే. కేంద్ర సంస్థ వ్యాప్కోస్ తయారుచేసిన సమగ్ర నివేదిక, కుంగిన కొద్ది రోజులకే జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ ఇచ్చిన నివేదిక, 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక, 2025 జులై 31న జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ సమర్పించిన నివేదిక. ఒక రూపాయి ఖర్చుకు రూపాయిన్నర ఫలం, కచ్చితంగా చెప్పాలంటే 1.51, అని ప్రాజెక్టు పత్రం లెక్క. కాగ్ లెక్క ప్రకారం అది 0.52. వ్యయం మొదట ఎనభై వేల కోట్ల పైచిలుకు. 1,47,427 కోట్లు దాటవచ్చునని కాగ్ అంచనా.

ఇందులో ఏది ప్రమాణం? ఒక పార్టీవారు ఒకటి చదువుతారు, ఇంకో పార్టీవారు మరొకటి చదువుతారు. ఒకటి అనుమతి సంపాదించడానికి రాసినది, ఒకటి జమాఖర్చులు అడగడానికి రాసినది, ఒకటి కాంక్రీటు ఎందుకు కుంగిందో చెప్పడానికి రాసినది, ఒకటి బాధ్యులెవరో తేల్చడానికి రాసినది. నాలుగింటికీ నాలుగు ప్రశ్నలు. కాంక్రీటు ప్రశ్నకు జమాఖర్చుల కాగితంలో జవాబు వెతకడం, బాధ్యత ప్రశ్నకు అనుమతి కాగితాన్ని అడ్డుపెట్టడం ఈ రెండేళ్లుగా మనం పత్రికలలో చూస్తున్న తమాషా. కాగితాన్ని ప్రశ్నతో జతపరచి చదవడం బడిలోనూ, విశ్వవిద్యాలయంలోనూ ఎవరూ నేర్పలేదు. నేర్పవలసినవారు ఇవన్నీ చిత్తుకాగితాలంటున్నారు.

అదే జిల్లాలో బొగ్గు గనులున్నాయి, చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్నది. ఇటువంటివి పెట్టాలన్నా, పెంచాలన్నా 2006 సెప్టెంబరు నాటి కేంద్ర నోటిఫికేషను ప్రకారం పర్యావరణ ప్రభావ నివేదిక ముసాయిదాను, దాని సారాంశాన్ని స్థానిక భాషలో కూడా కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, పరిశ్రమల కేంద్రంలో జనానికి అందుబాటులో ఉంచాలి. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం ముప్పై రోజుల గడువు ఇవ్వాలి. ఆ తెలుగు సారాంశం ఎట్లుంటుందో చూశారా? పేరే 'కార్యనిర్వాహక సారాంశం'. కార్యనిర్వాహకుడెవరు, సారమెక్కడ? వాక్యానికి కర్త ఉండడు, క్రియ మరుసటి పుటలో ఉంటుంది. పొలం పోయే రైతు దాన్ని ముప్పై రోజులు కాదు, మూడేళ్లు చదివినా తన బావి నీటికి ఏమవుతుందో తెలియదు. నేను నలభై ఏళ్లు వ్యాకరణం చెప్పినవాణ్ణి; నాకే కొన్ని వాక్యాలకు అన్వయం కుదరలేదు. ఇంగ్లీషు మూలంలోని పట్టికలతో సరిచూస్తేనే సంగతి బోధపడింది. తెలుగు పట్టభద్రులు చేయదగిన పని ఇంతకంటె ఏముంది? ఊరివారి పక్కన కూర్చుని ఆ రెండు పాఠాలనూ కలిపి చదివి, తేడా ఉన్నచోట వేలు పెట్టి చూపించడం. అది పరిశోధన కాదట. ప్రబంధాలలో సంధ్యావర్ణనల సంఖ్య లెక్కపెట్టడం పరిశోధన.

మానుకోట వైపు బయ్యారం ఉక్కు సంగతి ఇంకొక తీరు. 2014 పునర్విభజన చట్టం పదమూడవ షెడ్యూలులో ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను ఆరు నెలలలో పరిశీలించాలని స్టీల్ అథారిటీకి అప్పగించారు. (మహబూబాబాదు పేరుతో వెతికేవారు గమనించాలి: చట్టంలో ఉన్నది ఖమ్మమే; బయ్యారం అప్పుడు అక్కడిది.) ఖనిజంలో ఇనుము పాలు చాలదని, గిట్టుబాటు కాదని నివేదిక వచ్చిందని మంత్రులు చెబుతారు, ఖనిజం పుష్కలమని ఉద్యమకారులు చెబుతారు. ఇద్దరి నోటా నివేదిక అన్న మాటే. ఏ చోట ఎన్ని రంధ్రాలు తవ్వి మట్టి తీశారు, ఎంత లోతు, పరీక్ష ఎవరు చేశారు అన్న పుట ముఖం చూసినవారు ఆ ఊళ్లో నాకు ఒక్కరూ తారసపడలేదు. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ 1219లో అక్కడ చెరువు తవ్వించి, తమ వంశం సంగతంతా రాతిమీద చెక్కించి, వచ్చేపోయేవారు చదువుకొమ్మని నిలబెట్టింది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి పాలకులు ఊరివారికి చూపించిన పాటి కాగితం నేటివారు చూపించరు.

గ్రంథాలయ శాఖవారికి ఒక మాట. మూడు జిల్లాల కేంద్ర గ్రంథాలయాలలోనూ పోటీ పరీక్షల పుస్తకాలకు హాళ్లున్నాయి. మంచిదే, పిల్లలకు ఉద్యోగాలు కావాలి. అందులో ఒక్క బీరువా, తాళం లేనిది, ఈ కాగితాలకు ఇవ్వండి. జిల్లాకు సంబంధించిన ప్రతి నివేదిక, ప్రతి ప్రజాభిప్రాయ సేకరణ సారాంశం, ప్రతి మహాసభ సంచిక ఒక ప్రతి అక్కడ చేరాలి. ఖర్చు లేని పని గనుక ఎవరికీ ఉత్సాహం ఉండదని తెలుసు.

బ్లాగ్మిత్రులకు నా అభ్యర్థన వేరు. ఇంటి అటక మీద, మామగారి ట్రంకుపెట్టెలో ఇటువంటివి కనబడితే అమ్మకముందు సెల్‌ఫోనుతో ఫొటోలు తీసి పెట్టండి. తీసేటప్పుడు లోపలి విషయం ఒక్కటే తీసి ఊరుకోవద్దు. ముందు అట్ట లోపలి వైపు, వెనుక అట్ట అడుగున ముద్రణాలయం పేరున్న అంచు, ఎవరైనా పెన్సిలుతో రాసుకున్న తేదీ, చందాదారుల జాబితా అన్నీ కావాలి. ముద్రణాలయం పేరు లేకపోతే లేదని రాయండి. రహస్యంగా అచ్చయిన కరపత్రానికి ఆ లేకపోవడమే ఆనవాలు. సావనీర్లలో ప్రకటనల పుటలు చింపి పారేయకండి. ఏ వీధిలో ఏ కిరాణా కొట్టుండేదో, ఏ రైసుమిల్లు ఎవరిదో, ఏ యేట ఊళ్లోకి టెలిఫోను వచ్చిందో వాటిలోనే ఉంటుంది. పెట్టె ఎవరి ఇంట్లో దొరికిందో కూడా రెండు మాటలు రాసి పెట్టండి. జనగామ తాలూకా 1355, 1356, 1357 ఫసలీల నాటి కాగితం ఉర్దూలో ఉండి మీకు అర్థం కాకపోతే నాకు పంపండి. చదివిపెట్టే పెద్దాయన ఒకరు మా వీధిలోనే ఉన్నారు; ఆయనకు ఎనభై ఏడేళ్లు.